పొగమంచులో మొదటి కూత

సోమవారం ఉదయం తొమ్మిది గంటల వేళ ఐలా కంగాస్ తాతగారి వంటింట్లో నిలబడి యాలకుల రొట్టె కోస్తోంది. కిటికీ బయట సుపీరియర్ సరస్సు ఇంకా నిద్ర లేవలేదు. తీరం పొడుగునా తెల్లని మంచు, దాని అవతల సన్నని నీలిగీత, ఆ గీత అవతల ఆకాశమో నీరో తేల్చుకోలేని లేత బూడిదరంగు. బల్లమీది ఫోను ఒక్కసారి వణికింది. ఆమె కత్తి దించకుండానే వంగి చదివింది. రెండే వాక్యాలు. ఏ ఆసుపత్రిలోనూ స్థానం కుదరలేదని ఒకటి, అందుకు విచారిస్తున్నామని ఒకటి.

కత్తి ఆగలేదు. మిగిలిన రొట్టెనంతా ఆమె ఒకే మందంలో కోసింది. ఆ చేతులు అలా తీర్చిదిద్దుకున్నవి. వైద్య కళాశాలలో నాలుగేళ్ళుగా ఆ చేతులను చూసి ముచ్చటపడని గురువు లేడు. శస్త్రచికిత్స కోసమే పుట్టిన చేతులని ఒకాయన నలుగురిలో అన్నాడు కూడా. ఆ మాటను ఆమె మెడలో గొలుసులా వేసుకుని తిరిగింది. ఇప్పుడా గొలుసు బరువెక్కింది.

"రొట్టె కోస్తున్నావా, తూకం వేస్తున్నావా?" అన్నాడు బల్లకు అవతల కూర్చున్న తాత ఎస్కో.

"కుదరలేదు తాతా."

"ఎక్కడ కుదరలేదు?"

"ఎక్కడా."

ఎస్కోకు ఎనభై ఒకటి. ఈ డులూత్ ఊరి కాలువ మీద ఓడలకు దారి ఇచ్చే ఎత్తుడు వంతెనను ముప్పై నాలుగేళ్ళు నడిపిన మనిషి. ఐలా తల్లి ఇనుపరాయి మోసే ఓడల మీద వంటమనిషి. ఏడాదిలో పది నెలలు నీళ్ళ మీదే ఆమె కాపురం. అందువల్ల ఐలాకు ఊహ తెలిసిన నాటి నుంచీ ఇల్లంటే తాతే. ఆయన లేచి ఆమె ముందు కాఫీ పోశాడు. కప్పు నిండాక కూడా కాసేపు కూజాను అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"తాగు. దీనికి ఎవరి ఒప్పుదలా అక్కర్లేదు."

చదువు పూర్తిచేసిన వైద్యులు కొన్నేళ్ళు ఏదో ఒక ఆసుపత్రిలో రెసిడెంట్లుగా శిక్షణ పొందితేనే సొంతంగా వైద్యం చేయగలరు. విద్యార్థులు తాము కోరుకునే చోట్లను వరుసగా రాస్తారు. ఆసుపత్రులు తమకు నచ్చిన విద్యార్థులను వరుసగా రాస్తాయి. ఎక్కడో ఒక యంత్రం ఈ రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి జతలు కడుతుంది. ఆ మార్చి నెల సోమవారం నాడు జత కుదిరిందా లేదా అన్నదే చెబుతారు. ఎక్కడ కుదిరిందో శుక్రవారం మధ్యాహ్నం కవర్లు విప్పి, కేకలు పెట్టి, కౌగిలించుకుని తెలుసుకుంటారు.

ఐలా రాసినవి తొమ్మిది పేర్లు, తొమ్మిదీ శస్త్రచికిత్సకే. మొదట పదకొండు ఉండేవి. జనవరిలో ఒక సాయంత్రం, ఆ రెండు ఊళ్ళూ మరీ చదునుగా, చూడ్డానికి ఏమీ లేకుండా ఉన్నాయని, వాటిని కొట్టేసింది. ఎంత సుతారంగా గీసిందో ఆ రెండు గీతలు! ఇప్పుడు తలచుకుంటే ఆ రెండు ఊళ్ళ మైదానాల్లోనూ దీపాలు వెలుగుతున్నట్టూ, ఎవరో గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తున్నట్టూ ఆమెకు అనిపిస్తోంది.

గంట గడవకముందే పక్కింటి డొలోరెస్ వచ్చింది, చేతిలో గుడ్డకప్పిన గాజుపాత్రతో. మాంసమూ చిక్కుళ్ళూ అడుగున, వేయించిన బంగాళాదుంప ముక్కలు పైన పేర్చి ఓవెనులో పెట్టిన హాట్‌డిష్. ఆ వీధిలో ఎవరైనా పోతే ముందుగా గడప తొక్కేది ఆ పాత్రే.

"ఎవరూ పోలేదు డొలోరెస్. నేను ఇంకా ఇక్కడే ఉన్నా, చూడు," అన్నాడు ఎస్కో.

"పోవడమే నయం ఎస్కో. పోయినవాళ్ళకి దరఖాస్తులు రాసే పని ఉండదు." ఆమె పాత్ర దించి ఐలా బుగ్గ నిమిరింది. "మీ తాత కబురు చెప్పాడట, మీ అమ్మ ఓడమీంచి నాకు ఫోన్ చేసి ఏడ్చిందే పిల్లా. ఇంకా రేవు కదల్లేదు, అప్పుడే దానికి ఓడ ఊగుతోందట. సరే గానీ, విను. లూన్ హార్బర్ ఆసుపత్రిలో మా తోడికోడలు పనిచేస్తుంది. ఓ మాట వేసి చూడనా?"

"వద్దు!" ఐలా కప్పు కింద పెట్టేసింది. "వద్దు పిన్నీ, దయచేసి. నేను గానీ, నా తరఫున ఇంకెవరైనా గానీ ముందుగా ఫోన్ చేస్తే నన్ను పక్కన పెట్టేస్తారు. అంతా వాళ్ళే చెయ్యాలి."

నియమం అదే. జత కుదరనివాళ్ళు మిగిలిపోయిన ఖాళీలను చూసుకుని నలభై ఐదు చోట్లకు మించకుండా దరఖాస్తులు పంపుకోవచ్చు. తరువాత నోరు మూసుకుని కూర్చోవాలి. నచ్చితే ఆసుపత్రివాళ్ళే ఫోన్ చేసి మాట్లాడతారు. గురువారం నాడు నాలుగు విడతలుగా, స్థానం ఇస్తామన్న పిలుపులు కంప్యూటరు తెరమీదకు వస్తాయి. వచ్చిన పిలుపుకు రెండు గంటల్లో ఔననో కాదనో అనాలి. కాదంటే ఆ తలుపు మళ్ళీ తెరుచుకోదు. గురువారం సాయంత్రం నాలుగో విడత ముగిసేదాకా ఈ మౌనం.

ఎస్కో ఇదంతా విని మెల్లగా తల ఊపాడు. "ఇందులో వింతేముంది? మా వంతెన పద్ధతీ ఇదేగా. ముందు ఓడ కూయాలి, ఆ తరువాతే వంతెన బదులు పలకాలి. ముప్పై నాలుగేళ్ళలో నేను ఒక్కసారి కూడా ముందు కూయలేదు."

డొలోరెస్ ఆయన వైపు అదోలా చూసింది. ఏదో అనబోయి, పాత్రమీది గుడ్డ సర్ది, వెళ్ళిపోయింది.

*

ఆ సాయంత్రం ఐలా రెండు గంటల్లో కొత్త వ్యాసం ఒకటి రాసింది. శస్త్రచికిత్సలో మిగిలిన ఖాళీలు తక్కువ. అందులోనూ చాలావరకు ఏడాది పాటు పనిచేయించుకుని పంపించివేసేవే. కుటుంబ వైద్యంలో మాత్రం ఖాళీలు ఉన్నాయి, చిన్న ఊళ్ళలో, దూరపు తీరాల్లో. శస్త్రచికిత్స వాళ్ళకు పాత వ్యాసం, కుటుంబ వైద్యం వాళ్ళకు కొత్త వ్యాసం. నలభై ఐదు దరఖాస్తులకూ ఒక్కొక్కదానికీ తగిన వ్యాసాన్ని ఆమే జోడించాలి. కళ్ళు మూతలు పడుతుండగా జోడించింది, పంపింది, నిద్రలోకి జారింది.

కలలో తొమ్మిది ఓడలు మంచులో చిక్కుకుని ఉన్నాయి. వాటి కిటికీల నిండా పసుపు వెలుగు. లోపల ఎవరో విందు చేసుకుంటున్నారు, గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. ఆమె మంచు మీద నడిచి వెళ్ళి ఓడ ఒంటిమీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. తట్టబోయింది, తట్టకూడదన్న సంగతి గుర్తుకొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది.

మంగళవారం పొద్దున పంపినవన్నీ మళ్ళీ ఒకసారి చూసుకుంటూ లూన్ హార్బర్ దగ్గర ఆగిపోయింది. అది ఇక్కడికి రెండు గంటల దూరంలో, ఇదే సరస్సు ఒడ్డున, పడవలూ దేవదారు చెట్లూ తప్ప మరేమీ లేని ఊరు. అక్కడి కుటుంబ వైద్యానికి ఆమె పంపిన వ్యాసం శస్త్రచికిత్సది. దాని మొదటి వాక్యం ఆమెకు కంఠస్థం: 'ఆపరేషన్ గది తలుపు మూసుకున్నాకే నాకు ప్రపంచం తెరుచుకుంటుంది.'

ఇక మార్చే వీలు లేదు. ఫోన్ చేసి పొరపాటని చెప్పే వీలు అసలే లేదు. ఆ రోజంతా ఆమె కిటికీ దగ్గర కూర్చుని, ఆ వాక్యాన్ని ఎవరో ఏదో గదిలో చదువుతున్నట్టూ, చదివి నవ్వుకుంటున్నట్టూ ఊహించుకుంది. ఫోను ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. సాయంత్రానికి మంచు మీద ఎండ ఎర్రబడి, నీలమై, ఆరిపోయింది.

*

బుధవారం మధ్యాహ్నం ఫోను మోగింది. అవతలి గొంతు నిదానంగా ఉంది, కిటికీలోంచి బయటకు చూస్తూ మాట్లాడేవాళ్ళ గొంతులా.

"లోర్నా బెక్ అంటారు నన్ను. లూన్ హార్బర్‌లో శిక్షణ నేనే చూస్తాను. మీ వ్యాసం చదివాను."

ఐలా కళ్ళు మూసుకుంది.

"మా దగ్గర కూడా ఒక ఆపరేషన్ గది ఉంది లెండి," అంది డాక్టర్ బెక్. "వారానికి రెండు రోజులు. మిగతా ఐదు రోజులూ తాళం. ఆ ఐదు రోజులూ మీ ప్రపంచం ఏమైపోతుందా అని మాకు బెంగ పట్టుకుంది."

"అది పొరపాటున వచ్చిందండీ. మీకు పంపాల్సింది వేరే ఉంది."

"అయితే ఇందులో రాసింది అబద్ధమా?"

"కాదండీ. నిజమే."

"మరి మాకు పంపాల్సింది?"

"అదీ అబద్ధమేం కాదు. సోమవారం సాయంత్రం రెండు గంటల్లో రాశాను."

"దీనికెంత కాలం పట్టింది?"

"నాలుగేళ్ళు."

అవతల నవ్వు వినబడింది. అందులో ఎగతాళి లేదు. తరువాత ఆమె అంది, "మా ఊళ్ళో ఆర్నే అని ఒక ముసలాయన ఉండేవాడు. చేపలు పట్టి మానేసినవాడు. ప్రతి గురువారం వచ్చేవాడు. జబ్బేమీ లేదు. రక్తపోటు చూడమనేవాడు. చూస్తున్నంతసేపూ సరస్సు సంగతులు చెప్పేవాడు. గాలి ఎటు మళ్ళింది, ఏ చేప ఎక్కడ తిరుగుతోంది, ఇవే. మూడేళ్ళు విన్నాను. ఒక గురువారం వచ్చాడు, కూర్చున్నాడు, సరస్సు మాట ఎత్తలేదు. ఆయనకేదో అయిందని నాకు ఆ మౌనంలో తెలిసింది. పరికరాలకు తరువాత తెలిసింది. మిమ్మల్నడిగేది ఒక్కటే. ఆ మూడేళ్ళు మీరు కూర్చుని వినగలరా?"

ఔనన్న మాట ఐలా నాలుక చివర సిద్ధంగా ఉంది. అది చాలా చిన్న మాట, చాలా తేలికైన మాట. జనవరిలో గీసిన గీతల్లాంటిది.

"తెలియదండీ," అంది.

"నిజం చెప్పారు. సంతోషం," అని డాక్టర్ బెక్ సెలవు తీసుకుంది.

వారంలో బుధవారమూ శనివారమూ ఆవిరి స్నానం ఆ ఇంటి ఆచారం. ఎస్కో పెరటిలోని చెక్క గదిలో పొయ్యి రాజేశాడు. ఐలా లోపల బల్లమీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. తాత బయటి గదిలో కట్టెలు అందిస్తూ, చెక్క తలుపు సందులోంచి మాట్లాడుతున్నాడు. కాలిన రాళ్ళమీద నీళ్ళు చిలకరిస్తే ఆవిరి లేచి, గోడలు మాయమై, చేతులు మాయమై, చివరకు ఆమెకు తన గొంతు మాత్రమే మిగిలింది.

"చెడగొట్టాను తాతా. ఔనంటే సరిపోయేది."

"ఔనని ఉంటే?"

"పిలిచేవాళ్ళేమో."

"ఊ." కట్టె ఒకటి పొయ్యిలో చిటపటలాడింది. "సోమవారం నేనూ ఓ అబద్ధం ఆడాన్లే. డొలోరెస్ కనిపెట్టేసింది. ఒకసారి ముందు కూశాను."

"నువ్వా?"

"నవంబరు నెల. పొగమంచు ఎలా ఉందంటే నా చెయ్యి నాకు కనబడలా. దీపస్తంభం దగ్గర పొగమంచు పడితే మోగే బూర ఉంటుందిగా, అది ఆ రోజే మూగబోయింది. ఇద్దరు అన్నదమ్ములు చేపల పడవ వేసుకుని వెళ్ళారు, రాలా. వాళ్ళ రేడియో చచ్చింది. ఎవరూ పిలవట్లేదు. పిలవనిదే పలకకూడదు. నియమాల పుస్తకం నా ఎదురుగానే ఉంది. ఏం చెయ్యను? పొగమంచుకి పుస్తకం చదవడం రాదుగా. ఒక పొడుగాటి కూత వేశా. ఆగా. మళ్ళీ వేశా. నలభై నిమిషాలు."

"విన్నారా వాళ్ళు?"

"ఆ అన్నదమ్ముల్లో ఒకడు డొలోరెస్ మొగుడే. లేకపోతే ఇరవై ఏళ్ళుగా ఆ హాట్‌డిష్‌లు మన ఇంటికెందుకొస్తాయనుకున్నావ్?"

ఐలా ఆ వారంలో మొదటిసారి నవ్వింది. ఆవిరిలో ఆ నవ్వు ఎవరిదో అన్నట్టు వినిపించింది.

*

గురువారం మొదటి విడతలో తెర ఖాళీగా ఉంది. రెండో విడతలో ఒక పిలుపు వచ్చింది. ఎక్కడో తూర్పున ఉన్న పెద్ద నగరం, పెద్ద ఆసుపత్రి, శస్త్రచికిత్స. ఏడాది మాత్రమే. ఆ తరువాత ఏమిటన్న దానికి మాట లేదు.

"ఇదిగో ఓడ!" ఎస్కో కుర్చీలోంచి లేచేశాడు. "ఎత్తెయ్ వంతెన! ఇంకా చూస్తావేం?"

"ఏడాదే తాతా. ఏడాది తరువాత నాకు మళ్ళీ ఇలాంటి సోమవారమే."

"ఏడాది తరువాతి సంగతి ఏడాది తరువాత. వెనకాల ఇంకా మంచి ఓడ ఉందని ముందొచ్చినదాన్ని ఆపుతారా ఎవరైనా?"

"రెండు గంటల సమయం ఉంది," అని ఆమె కోటు వేసుకుని తీరానికి నడిచింది.

ఒడ్డున మంచు పలకలు ఒకదానిమీద ఒకటి ఎక్కి, గాజు పళ్ళేల దొంతరల్లా నిలబడి ఉన్నాయి. నీరు కదిలినప్పుడల్లా అవి సన్నగా మోగుతున్నాయి. ఆ మోత వింటూ ఆమె, శస్త్రచికిత్సలో తాను గడిపిన నెలలన్నీ ఒక్కొక్కటే గుర్తుతెచ్చుకోవాలని చూసింది. ఆపరేషన్ గదులన్నీ కలిసిపోయి ఒకే తెల్లని గది అయ్యాయి. కత్తి చేతిలో పట్టుకున్న సుఖం గుర్తుంది, అది నిజం. కానీ దాని వెనక మరొకటి ఉంది. పిత్తాశయం తీసేసిన ఒక ముసలామె. పుండు మానక పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండిపోయింది. మొదటి రోజు కళ్ళద్దాలు అడిగింది, మంచు పడుతుందేమో చూసుకోవడానికి. ఆ పదకొండు రోజులూ ఐలా పని ముగిశాక ఆ గదికి వెళ్ళి కూర్చునేది. పై వైద్యులు నవ్వేవారు, నీకు ఇల్లూ వాకిలీ లేవా అని. ముసలామె తన కోళ్ళ సంగతి చెప్పేది, చనిపోయిన భర్త గురకల సంగతి చెప్పేది. ఏ కోడికి ఏ పేరో ఐలాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ ముసలామె పొట్టమీద తాను వేసిన కుట్లు మాత్రం ఎంత ప్రయత్నించినా గుర్తురావడం లేదు.

ఆ పదకొండు రోజుల సంగతి ఆమె నాలుగేళ్ళ వ్యాసంలో లేదు. రెండు గంటల వ్యాసంలోనూ లేదు.

ఇంటికి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా, తెర ముందు కూర్చుని కాదు అన్నచోట నొక్కింది. ఎస్కో గంటసేపు వంగి బంగాళాదుంపలు చెక్కాడు. అవసరమైనవాటికి రెండింతలు చెక్కాడు.

"నాకు అర్థం కాలేదు పిల్లా," అన్నాడు చివరకు. "కోప్పడ్డం లేదు. అర్థం కాలేదంతే."

మూడో విడత ఖాళీ. నాలుగో విడత ఖాళీ.

ఆ సాయంత్రం ఇంకా నిండని స్థానాల జాబితా బయటకు వచ్చింది. లూన్ హార్బర్ పేరు అందులో ఉంది. ఒక స్థానం. అంటే వాళ్ళ దగ్గర ఖాళీ ఉంది, ఆమె పేరు తెలుసు, గొంతు తెలుసు, అయినా పిలవలేదు. చోటు లేక వద్దనడం వేరు, చోటు ఉండి వద్దనడం వేరు. మౌనపు గడువు తీరింది, ఇక ఎవరికైనా ఫోన్ చేసుకోవచ్చని కళాశాల నుంచి కబురు వచ్చింది. ఆమె ఫోనును బోర్లా పెట్టి పడుకుంది.

*

శుక్రవారం తెల్లవారేసరికి లోకం లేదు. వెచ్చని గాలి ఏదో మంచుమీదకు వచ్చి, సరస్సంతా పొగమంచై లేచి, ఊరి మీదకు నడిచి వచ్చింది. కిటికీ తెల్లకాగితంలా ఉంది.

ఆ సంవత్సరానికి మొదటి ఓడ కాలువ దాటి వెళ్ళేది ఆ రోజే. శీతాకాలమంతా రేవులో నిద్రపోయిన ఐలా తల్లి ఓడే అది. మొదటి ఓడను సాగనంపడానికి ఊళ్ళో సగంమంది ఫ్లాస్కుల్లో కాఫీ పోసుకుని కాలువ గట్టుకు చేరతారు. ఎస్కో పాత టోపీ పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"పది గంటలకి. వస్తావా?"

"ఈ మొహంతోనా?"

"పొగమంచులో మొహం ఎవడికి కనబడుతుంది?" ఆయన తలుపు తీసి, వెళ్ళకుండా ఆగాడు. "ఆ రోజు కూసినప్పుడు నాకు సిగ్గేసింది, తెలుసా. ఊరంతా వింటోంది. అటు పక్క ఎవరూ లేకపోతే నేనో పిచ్చివాణ్ణి. మొదటి కూతే కష్టం. రెండోదానికి అలవాటైపోయింది."

తలుపు మూసుకుంది. ఆయన బూట్ల చప్పుడు నాలుగు అడుగులు వినిపించి, పొగమంచులో కరిగిపోయింది.

ఐలా వంటింట్లో ఒక్కతే కూర్చుంది. ఎనిమిదయింది. ఎనిమిదింబావు అయింది. అవతల ఎవరైనా ఉన్నారో లేరో తెలియని ఆ తెల్లదనం వైపు చూస్తూ, ఫోను తీసి, లూన్ హార్బర్ అంకెలు ఒక్కొక్కటే నొక్కింది. ఒకే మందంలో రొట్టె కోసే వేళ్ళు రెండుసార్లు తప్పు అంకె మీద పడ్డాయి.

"బెక్ మాట్లాడుతున్నాను," అంది గొంతు.

"నేను ఐలా కంగాస్‌నండీ. మీరు నన్ను పిలవలేదు. నేనే చేస్తున్నాను."

"ఊ. చెప్పండి."

"బుధవారం మీరడిగిందానికి తెలియదన్నాను. అప్పుడు నిజంగా తెలియదు. మధ్యలో ఒకటి గుర్తొచ్చింది." ఆమె ముసలామె కళ్ళద్దాల సంగతి చెప్పింది, కోళ్ళ సంగతి చెప్పింది. వాటి పేర్లు కూడా చెప్పింది. "నేను మూడేళ్ళు వినగలనో లేదో చెప్పలేను. పదకొండు రోజులు విన్నాను. పన్నెండో రోజు ఆవిడ ఇంటికెళ్ళిపోతే నాకు దిగులేసింది. నా దగ్గరున్నది అంతేనండీ."

అవతల కుర్చీ కిర్రుమంది.

"ఒక మాట చెబుతాను, నొచ్చుకోకు," అంది డాక్టర్ బెక్. 'మీరు' అనడం ఎక్కడో జారిపోయి 'నువ్వు' అయింది. "మేం నిన్న పిలవాల్సినవాళ్ళ వరుసలో నీ పేరు రాయలేదు. మా ముగ్గురిలో నేను రాద్దామన్నాను. మిగతా ఇద్దరూ ఒప్పుకోలా. ఎక్కడైనా కత్తి దొరికితే ఈ పిల్ల ఏడాదికే పారిపోతుంది అన్నారు. వాళ్ళకి చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోయింది. నిన్న నీకు ఎక్కడి నుంచైనా పిలుపు వచ్చిందా?"

"వచ్చింది."

"ఏమిటది?"

"శస్త్రచికిత్స. ఏడాదికి. వద్దన్నాను."

ఫోనులోంచి ఎక్కడో ఒక గడియారం, ఎవరో కాఫీ కలుపుతున్న చెంచా, కిటికీ చూరు నుంచి కారుతున్న నీటిచుక్క, అన్నీ వినిపించాయి. రెండు గంటల దూరంలో కూడా ఇదే పొగమంచు అని ఐలాకు తోచింది. ఇద్దరూ ఒకే తెల్లదనంలో కూర్చుని ఉన్నారు.

"వద్దన్నావా," అంది డాక్టర్ బెక్ చివరకు, మెల్లగా. "మా దగ్గర ఏదీ ఖాయం కాకుండానే?"

"ఔనండీ."

"అరగంటలో చేస్తాను. ఫోను దగ్గరే ఉండు."

అరగంట అన్నది గంట దాటింది. ఆ గంటలో ఐలా కొత్త రొట్టె ఒకటి తీసి మొత్తం కోసేసింది, ఒక ముక్క లావుగా, ఒక ముక్క సన్నగా. తొమ్మిదిన్నర దాటాక ఫోను మోగింది. ఆమె చివరిదాకా విని, ఔనండీ అని మూడుసార్లు అని, కోటు సగం తొడుక్కుని పరుగెత్తింది.

*

కాలువ గట్టుమీద జనమంతా నీడలుగా ఉన్నారు. తాత టోపీని బట్టి ఆయనను గుర్తుపట్టింది. ఆమె రొప్పుతూ చేరేసరికి లోపలి రేవు వైపు నుంచి ఓడ కూసింది: ఒక దీర్ఘం, రెండు హ్రస్వాలు. వంతెన అదే లయలో బదులు పలికింది. ఆ రెండు కూతల మధ్య పొగమంచు వణికి, విచ్చి, అందులోంచి ఎర్రని ఇనుప గోడ ఒకటి వచ్చింది. కాలువ ఎంత ఇరుకంటే చెయ్యి చాపితే ఓడను తాకవచ్చుననిపిస్తుంది. పైన కటకటాల దగ్గర తెల్లని ఏప్రను ఒకటి కనబడింది. ఆ ఏప్రనులో ఆమె తల్లి, గట్టుమీది మొహాలన్నీ వెతుకుతోంది.

ఐలా ఎప్పుడూ నలుగురిలో గొంతెత్తిన పిల్ల కాదు. ఇంత జనం. ఫ్లాస్కులు, కెమెరాలు, పసిపిల్లలను భుజాలకెత్తుకున్న తండ్రులు. ఆమె రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుంది.

"అమ్మా! కుదిరింది!"

గట్టంతా ఆమె వైపు తిరిగింది. పైనున్న ఏప్రను ఆగిపోయింది.

"ఏంటీ?"

"కుదిరిందీ!"

"ఎక్కడ?"

"లూన్ హార్బర్!"

ఓడ సాగిపోతోంది. తల్లి కటకటాలు పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ, ఏడుస్తూ, నవ్వుతూ అరిచింది. "అక్కడ చలి ఎక్కువే! బూట్లు కొనుక్కో!"

జనం ఘొల్లున నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ గుంపులో నుంచే డొలోరెస్ గొంతు, "చూశావా ఎస్కో, నేను ఎవ్వరికీ ఒక్క మాటైనా చెప్పలేదు!" అని గట్టిగా చాటింది. ఎర్రని గోడ తరిగి తరిగి, వెనుక దీపంగా మిగిలి, ఆ దీపమూ తెల్లదనంలో కలిసిపోయింది.

ఎస్కో టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఆ డాక్టరమ్మ ఏమందసలు?"

"జూన్ ఆఖరుకి రమ్మంది. ఉన్ని బూట్లు తెచ్చుకోమంది."

"జూన్‌లోనా?"

"జూన్‌లోనే."

ఆయన కాసేపు సరస్సు ఉండాల్సిన వైపు చూశాడు.

"అయితే మంచి ఊరే," అన్నాడు.